పరిసరాల ఒత్తిడి, పసివయసు రక్తపోటు

రక్తపోటు నడివయసు దాటినవారి జబ్బు అన్న నమ్మకం ఇళ్లలోనే కాక వైద్యశాలల్లోనూ చాలాకాలం చెలామణి అయింది. జ్వరానికో దగ్గుకో తీసుకువచ్చిన పిల్లవాడి బరువు చూస్తారు, నాలుక చూస్తారు, ఛాతీకి స్టెతస్కోపు పెడతారు గాని, చేతికి పట్టీ చుట్టి బీపీ చూడడం అరుదు. చూసినప్పుడు ఎక్కువగా కనిపిస్తే మూత్రపిండాల జబ్బు ఉన్నదేమో, గుండె నుంచి వెలువడే బృహద్ధమని పుట్టుకతోనే ఇరుకుగా ఉన్నదేమో అని వెతకడం వైద్యుల ఆనవాయితీ. మరీ చిన్నపిల్లల విషయంలో ఆ వెతుకులాట తప్పనిసరి కూడా. అయితే ఏ అవయవంలోనూ లోపం బయటపడకుండా వచ్చే రక్తపోటు, అంటే వైద్యులు ప్రాథమిక రక్తపోటు అని పిలిచేది, బడి ఈడు పిల్లల్లోనూ కౌమారంలోనూ స్పష్టంగా ఉన్నదని గడచిన యాభై ఏళ్ల పరిశోధన తేల్చింది. 2019లో జామా పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన ప్రపంచవ్యాప్త సమీక్ష, పందొమ్మిదేళ్లు, అంతకు లోపు వయసున్నవారిలో దాదాపు నూటికి నలుగురికి అధిక రక్తపోటు ఉన్నట్టు లెక్కగట్టింది.

దీనికి కారణాలు చెప్పమంటే ఊబకాయం, ఉప్పు, వంశం అనే మూడు మాటలు వెంటనే వస్తాయి. మూడూ నిజమే. కాని ఈ మూడింటి పక్కన నిలవవలసిన నాలుగో కారణం ఒకటుంది: బిడ్డ పెరుగుతున్న చోటు. ఆ చోట ఆగకుండా మోగే రొద, కిక్కిరిసిన గది, చాలని నిద్ర, పొద్దున లేచింది మొదలు వెంటాడే పోటీ, ఇంట్లోని లేమి, వీధిలోని భయం, వీటన్నిటినీ కలిపి శాస్త్రవేత్తలు పరిసరాల ఒత్తిడి అంటారు. ఒక వేడుక నాటి హడావుడి, ఒక పరీక్ష నాటి బెదురు దీని కిందికి రావు. అవి వచ్చి పోతాయి, శరీరం తేరుకుంటుంది. తప్పించుకునే దారి లేకుండా, తన చేతిలో ఏమీ లేదని బిడ్డకు అనిపించేలా, నెలలూ ఏళ్లూ కొనసాగేదే ఇక్కడ చర్చకు వచ్చే ఒత్తిడి. ఇది మనసును మాత్రమే కాక ధమనులనూ మూత్రపిండాలనూ కూడా తాకుతుందని, ఆ తాకిడిని కొలవవచ్చునని, అందువల్ల పరిసరాలను సరిచేయడాన్ని కూడా వైద్యంలో భాగంగానే చూడవలసి ఉంటుందని ఈ ఉపన్యాసం ప్రతిపాదిస్తున్నది.

కొలవడం అన్న మాట వచ్చింది గనుక ముందు కొలత గురించి కొంత చెప్పుకోవాలి. పిల్లల విషయంలో అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. గుండె ముడుచుకున్నప్పుడు ధమనుల్లో ఉండే ఒత్తిడి సిస్టోలిక్, అంటే పై అంకె. గుండె సడలినప్పుడు ఉండేది డయాస్టోలిక్, అంటే కింది అంకె. పెద్దవారికి ఒకే హద్దు గీసి చెప్పవచ్చు గాని, పిల్లల రక్తపోటు వయసుతోపాటు, ఎత్తుతోపాటు పెరుగుతుంది కాబట్టి అదే ఈడు, అదే ఎత్తు ఉన్న ఆడపిల్లల్లో లేదా మగపిల్లల్లో ఈ బిడ్డ అంకె ఎక్కడ నిలుస్తుందో చూడాలి. నూరుమందిలో తొంభై అయిదు మంది అంకె కన్న ఎక్కువ స్థానంలో, అంటే 95వ పర్సెంటైల్ దగ్గరగాని దాని పైనగాని, మూడు వేర్వేరు రోజుల్లో నిలిస్తే దాన్ని అధిక రక్తపోటు అంటారు. 2017లో అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ సవరించిన మార్గదర్శకాల ప్రకారం పదమూడేళ్లు నిండినవారికి మాత్రం పెద్దల లాగే 130/80 హద్దు. పెద్దవారికి సాధారణమని అందరూ తలచే 120/80 పదేళ్ల పిల్లవాడిలో కనిపిస్తే అది అప్పటికే పెరిగిన రక్తపోటు కిందికి వస్తుంది. ఈ సంగతి తెలియక "బీపీ బాగానే ఉంది" అని ఇంటికి పంపివేయడం జరుగుతుంటుంది.

చేతికి చుట్టే పట్టీ మరో చిక్కు. దానిలోని గాలితిత్తి వెడల్పు భుజం నడుమ చుట్టుకొలతలో కనీసం నూటికి నలభై వంతులు, పొడవు ఎనభై నుంచి నూరు వంతులు ఉండాలి. పెద్దల పట్టీని సన్నని పిల్లవాడి చేతికి చుడితే అసలు కన్న తక్కువ అంకె వస్తుంది, జబ్బు దాగిపోతుంది. చిన్న పట్టీని లావుపాటి చేతికి బిగిస్తే లేని జబ్బు కనిపిస్తుంది. బిడ్డను అయిదు నిమిషాలు నెమ్మదిగా కూర్చోబెట్టి, వీపుకు ఆనిక ఇచ్చి, పాదాలు నేలకు ఆనేలా చూసి, కుడిచేతిని గుండె ఎత్తున ఉంచి కొలవాలి. ఇంత చేసినా తెల్లకోటు చూసిన బెదురుకు కొందరిలో అంకె పెరుగుతుంది. అందుకే అనుమానం ఉన్నచోట ఇరవై నాలుగు గంటలపాటు ఒంటిమీదే ఉండి, నిద్రలో కూడా కొలిచే పరికరాన్ని వాడతారు. ఆరోగ్యంగా ఉన్నవారిలో రాత్రి నిద్రలో రక్తపోటు పగటి కన్న సుమారు పదోవంతు తగ్గుతుంది. ఆ తగ్గుదల కనిపించకపోవడం కూడా ఒక హెచ్చరికే.

పరిసరాల ఒత్తిడిలో అన్నిటికన్న తేలికగా కొలవగలిగింది రొద. 1980లో షెల్డన్ కోహెన్, గ్యారీ ఎవాన్స్, డేవిడ్ క్రాంట్జ్, డేనియల్ స్టోకోల్స్ కలిసి అమెరికాలోని లాస్ ఏంజిలిస్ విమానాశ్రయానికి వచ్చే విమానాల దారి కింద ఉన్న ప్రాథమిక పాఠశాలల పిల్లలను, నిశ్శబ్దంగా ఉన్న పాఠశాలల పిల్లలతో పోల్చి చూశారు. రొద ఉన్న బడుల మీదుగా బడి వేళల్లో సుమారు రెండున్నర నిమిషాలకు ఒక విమానం పోయేది. ఆ బడుల పిల్లల్లో రక్తపోటు ఎక్కువగా ఉంది. అంతేకాక ఒక చిక్కుముడి ఇచ్చి విప్పమంటే వారు విఫలం కావడమూ, సమయం మిగిలి ఉండగానే చేతులెత్తేయడమూ ఎక్కువగా కనిపించింది. ఈ రెండో ఫలితం మొదటిదానికి ఏమాత్రం తీసిపోదు. ఎంత ప్రయత్నించినా ఆగని దాని ముందు ప్రయత్నమే మానేయడం బిడ్డకు అలవడుతున్నదన్నమాట. నిస్సహాయత కూడా నేర్చుకునే విద్యే అయిపోతున్నదన్నమాట.

అయితే ఒకేసారి చూసిన పోలికలో ఒక లోపం ఉంటుంది. రొద ఉన్నచోట నివసించేవారు మరికొన్ని విధాల కూడా వేరై ఉండవచ్చు, తేడాకు అసలు కారణం అదే కావచ్చు. ఈ సందేహానికి జవాబు జర్మనీలో దొరికింది. 1992 మే నెలలో మ్యూనిక్ నగరం తన పాత విమానాశ్రయాన్ని రీమ్ దగ్గర మూసివేసి, నగరానికి దూరంగా పల్లెల నడుమ కొత్తదాన్ని తెరిచింది. ఎవాన్స్, మోనికా బులింగర్, స్టాఫన్ హిగ్గె కలిసి కొత్త విమానాశ్రయం తెరవకముందే అక్కడి పిల్లలను పరీక్షించి, తెరిచిన తర్వాత మళ్లీ మళ్లీ పరీక్షించారు. ఆర్థిక సామాజిక స్థితిలో వారికి సాటివచ్చే నిశ్శబ్ద ప్రాంతాల పిల్లలను పక్కన పెట్టి పోల్చారు. 1998లో వెలువడిన ఫలితాల ప్రకారం, తొమ్మిది నుంచి పదకొండేళ్ల వయసున్న ఆ పిల్లల్లో రెండేళ్ల వ్యవధిలోనే విశ్రాంతిగా ఉన్నప్పటి రక్తపోటు పెరిగింది. రాత్రంతా సేకరించిన మూత్రంలో ఎడ్రినలిన్, నార్‌ఎడ్రినలిన్ అనే ఒత్తిడి రసాయనాలు పెరిగాయి. చెవికి హాని చేసే స్థాయికి ఎంతో దిగువన ఉన్న శబ్దమే ఈ పని చేసింది. పాత విమానాశ్రయం చుట్టుపక్కల కథ ఇందుకు తలకిందులుగా సాగింది: అక్కడ రొద ఆగాక పిల్లల జ్ఞాపకశక్తీ చదివే సామర్థ్యమూ మెరుగుపడ్డాయని 2002లో అదే బృందం ప్రకటించింది. కారణాన్ని తొలగిస్తే బిడ్డ తేరుకుంటాడన్న ఈ మాట ఈ రంగంలో వచ్చిన ఫలితాలన్నిటిలోకి ఆశ కలిగించేది.

సాక్ష్యమంతా ఒకే వైపు మొగ్గుతున్నదని చెప్పడం మాత్రం న్యాయం కాదు. లండన్ హీత్రో, ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ విమానాశ్రయాల దగ్గర జరిగిన పరిశీలనలో డచ్చి పిల్లల్లో విమానాల రొదకూ రక్తపోటుకూ సంబంధం కనిపించింది గాని, ఇంగ్లండు పిల్లల్లో అంత స్పష్టంగా కనిపించలేదు. పైగా కనిపించినచోట కూడా పెరుగుదల కొద్ది మిల్లీమీటర్లే. ఆ పిల్లలు రోగులు కారు. అయినా జనసమూహం మొత్తం మీద సగటు కొద్దిగా పైకి జరిగినప్పుడు అంచున ఉన్న ఎందరో హద్దు దాటిపోతారన్నది ప్రజారోగ్యశాస్త్రం బాగా ఎరిగిన విషయం.

రొద తర్వాత చెప్పవలసింది ఇరుకు. ఈ విషయంలో ముఖ్యమైన అధ్యయనం ఒకటి భారతదేశంలోనే, పుణే నగరంలో జరిగింది. ఎవాన్స్, స్టీఫెన్ లెపోర్‌లతో కలిసి బి.ఆర్. షేజ్వల్, ఎం.ఎన్. పల్సానే అక్కడి శ్రామిక కుటుంబాల పది నుంచి పన్నెండేళ్ల పిల్లలను పరిశీలించి 1998లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఇంట్లో గదికి ఎందరు చొప్పున ఉన్నారన్న లెక్క పెరిగినకొద్దీ బడిలో ప్రవర్తన, చదువు దెబ్బతిన్నాయి. మగపిల్లల్లో రక్తపోటు పెరిగింది. ఆడపిల్లలు నిస్సహాయతకు తేలికగా లోనయ్యారు. తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య సంబంధం సడలడమే ఈ చెరుపులో కొంత భాగానికి కారణమని కూడా వారు గమనించారు. నలుగురు కలిసి ఉండడం భారతీయులకు అలవాటే, వారికి ఇరుకు బాధించదు అని తేలికగా అనేసేవారికి ఈ అధ్యయనం గట్టి సమాధానం. కలిసి ఉండడం వేరు, ఒంటరిగా ఒక నిమిషం కూర్చునే మూల కూడా లేకపోవడం వేరు.

ఇంతకూ బయటి రొద, ఇరుకు, భయం లోపలి రక్తనాళాల్లోకి ఎలా చేరుతాయి? ఒత్తిడి ఎదురైనప్పుడు మెదడు సహానుభూత నాడీవ్యవస్థను, అంటే పోరాటానికో పలాయనానికో ఒంటిని సిద్ధంచేసే నాడుల అమరికను, మేల్కొలుపుతుంది. గుండె వేగం పెరుగుతుంది, చిన్న ధమనులు బిగుసుకుంటాయి, పోటు పెరుగుతుంది. ఇంతవరకూ పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. అంతగా ప్రచారంలోకి రానిది మూత్రపిండాల పాత్ర. పోటు పెరిగినప్పుడు మూత్రపిండాలు మామూలుగా ఉప్పునూ దానితోపాటు నీటినీ ఎక్కువగా బయటికి పంపుతాయి. రక్తం పరిమాణం తగ్గి పోటు దిగివస్తుంది. చెరువు నిండినప్పుడు తూము తెరిచి నీటిమట్టాన్ని దించడం వంటిది ఈ ఏర్పాటు. ఆర్థర్ గైటన్ తన పరిశోధనలతో స్థిరపరచిన ఈ సూత్రాన్ని పీడన లవణ విసర్జన అనవచ్చు. కాని మూత్రపిండాలకు చేరే సహానుభూత నాడులు మరీ చురుకైనప్పుడు అవి నేరుగానే ఉప్పును పట్టి ఉంచేలా చేస్తాయి; రెనిన్ అనే పదార్థాన్ని విడుదల చేయించి, దాని ద్వారా యాంజియోటెన్సిన్, ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్లను పెంచి, మరింత ఉప్పు నిలిచేలా కూడా చేస్తాయి. పోటు పెరిగిన వేళ తెరుచుకోవలసిన దారి మూసుకుపోతుంది.

ఇది ఊహ కాదని మొదట మనుషుల్లో చూపినవారు నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయానికి చెందిన క్యాథలీన్ లైట్, ఆమె సహచరులు. 1983లో సైన్స్ పత్రికలో వారు ప్రకటించిన పరిశోధనలో యువకులకు గంటసేపు పోటీతో కూడిన మానసిక పరీక్షలు పెట్టారు. తల్లికో తండ్రికో రక్తపోటు ఉన్నవారు, తమకే అంచు మీద ఉన్నవారు, వారిలోనూ ఒత్తిడికి గుండె వేగం బాగా పెరిగినవారు, ఆ గంటలో ఉప్పునూ నీటినీ తక్కువగా విసర్జించారు. జార్జియా రాష్ట్రంలోని అగస్టాలో గ్రెగరీ హార్ష్‌ఫీల్డ్ బృందం ఇదే ప్రశ్నను బడి ఈడు పిల్లల వద్దకు తీసుకువెళ్లి ఏళ్ల తరబడి శోధించింది. వారి పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. కొన్నాళ్లపాటు ఉప్పు లెక్క కట్టిన ఆహారం పెట్టిన తర్వాత పిల్లలను రప్పించి, మొదట విశ్రాంతిగా కూర్చోబెడతారు, తర్వాత గంటసేపు పోటీపెట్టి వీడియో గేమ్ ఆడిస్తారు, తర్వాత మళ్లీ విశ్రాంతి ఇస్తారు. ఈ మూడు దశల్లోనూ రక్తపోటును కొలుస్తూ, మూత్రంలో పోయిన సోడియాన్ని, అంటే ఉప్పులోని ప్రధాన మూలకాన్ని, లెక్కిస్తారు. ఎక్కువమంది పిల్లల్లో ఆటవేళ పోటు పెరుగుతుంది, సోడియం విసర్జన కూడా పెరుగుతుంది, ఆట ముగియగానే పోటు దిగుతుంది. కొందరిలో మాత్రం ఆటవేళ సోడియం విసర్జన తగ్గిపోతుంది. ఆట ముగిసినా, గుండె నెమ్మదించినా, లోపల నిలిచిన ఉప్పునీటి బరువుతో పోటు దిగకుండా ఉండిపోతుంది.

పోటును పెంచేది ఒత్తిడి గడియ. నిలిపి ఉంచేది ఉప్పు. ఈ రెంటినీ విడివిడిగా చూసే అలవాటును ఈ పరిశోధన సరిదిద్దుతున్నది. అదే మోతాదు ఉప్పు నెమ్మదైన ఇంట్లో పెరిగే బిడ్డకు ఒక తీరున, ఎప్పుడూ ఉలిక్కిపడుతూ ఉండే బిడ్డకు మరో తీరున పనిచేయవచ్చు. రోజుకు ఒక ఒత్తిడి గడియ ఉన్న బిడ్డ తేరుకుంటాడు; ఇంట్లో, వీధిలో, బడిలో ఒకదాని వెంట ఒకటిగా అటువంటి గడియలు వచ్చిపడే బిడ్డకు తేరుకునే వ్యవధే దొరకదు.

అగస్టా ఫలితాల్లో ఉప్పును పట్టి ఉంచే లక్షణం నల్లజాతి పిల్లల్లో ఎక్కువగా కనిపించింది, తెల్లజాతి పిల్లల్లోనూ కొందరిలో ఉంది. దీన్ని జాతి లక్షణంగా కొట్టిపారేయడం తొందరపాటు. పుట్టుకతో వచ్చిన గుణం ఏదైనా ఉండవచ్చు. కాని అది బయటపడాలంటే ఒత్తిడి కావాలి, ఆ ఒత్తిడిని ఎవరి మీద ఎక్కువ మోపాలో నిర్ణయించింది అమెరికా సమాజం. ఏ పేటలో రహదారి వేయాలి, ఏ పేట మీదుగా విమానాలు పోవాలి, ఏ పేట బడికి తక్కువ డబ్బు ఇవ్వాలి అన్న నిర్ణయాలన్నీ మనుషులు చేసినవే. వాటి ఫలితాన్ని పిల్లల నెత్తురులో చూసి అది వారి స్వభావమని చెప్పడం అన్యాయం.

చిన్ననాటి పోటు చిన్ననాటితోనే పోతుందా అన్న ప్రశ్నకు లూసియానా రాష్ట్రంలోని బొగలూసా అనే చిన్న పట్టణం జవాబు ఇచ్చింది. జెరాల్డ్ బెరెన్సన్ 1970ల తొలినాళ్లలో అక్కడ మొదలుపెట్టిన అధ్యయనం ఒకే ఊరి పిల్లలను పెద్దవారయ్యేదాకా వెంబడించింది. చిన్నప్పుడు పై వరుసలో ఉన్నవారు పెద్దయ్యాక కూడా చాలావరకు పై వరుసలోనే ఉన్నారు. ప్రమాదాల వంటి కారణాలతో చిన్నవయసులో మరణించినవారి ధమనులను పరీక్షించి 1998లో ప్రకటించిన ఫలితాలు ఇంకా కలవరపెట్టేవి: రక్తపోటు, కొవ్వు, బరువు వంటి ప్రమాద సూచనలు ఎన్ని ఎక్కువ ఉంటే ధమనుల గోడల్లో కొవ్వు చారలూ పూడికలూ అంత ఎక్కువగా ఉన్నాయి.

బిడ్డ పరిసరాలు పుట్టిన తర్వాతే మొదలవుతాయని కూడా అనుకోనక్కరలేదు. తెలుగు నేల మీద హైదరాబాదు పోషకాహార ప్రయోగం పేరుతో ప్రసిద్ధమైన అధ్యయనంలో, 1987, 1990 మధ్య రంగారెడ్డి జిల్లాలోని పల్లెల్లో గర్భిణులకూ పసిపిల్లలకూ అంగన్‌వాడీ ద్వారా అదనపు ఆహారం అందిన ఊళ్లను అందని ఊళ్లతో పోల్చారు. ఆ పిల్లలు పదమూడు, పద్దెనిమిదేళ్ల నడుమ ఉండగా మళ్లీ పరీక్షించి 2008లో ప్రకటించిన ఫలితాల్లో, ఆహారం అందిన ఊళ్ల పిల్లల ధమనుల్లో బిరుసుదనం తక్కువగా ఉంది, ఇన్సులిన్ బాగా పనిచేస్తున్నది. రక్తపోటులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ధమని బిరుసెక్కడం ముందు, పోటు పెరగడం తర్వాత అన్న వరుస సాధ్యమే గనుక ఈ ఫలితాన్ని నిరాశగా కాక ఒక సూచనగా చదవడం సబబు.

ఇక నేటి తెలుగు పిల్లల దినచర్యను ఈ వెలుగులో చూడవలసి ఉంది. ఇంటర్మీడియట్ చదువు కోసం హాస్టల్లో చేరిన పిల్లవాడు తెల్లవారకముందే లేచి స్టడీ అవర్‌కు కూర్చుంటాడు, రాత్రి పొద్దుపోయేదాకా అదే బల్ల ముందు ఉంటాడు, వారం వారం పరీక్ష రాసి గోడమీద అంటించిన ర్యాంకుల్లో తన పేరు వెతుక్కుంటాడు. గదికి ఎందరు, నిద్ర ఎన్ని గంటలు, ఆట ఎంతసేపు అని అడిగితే పుణే, అగస్టా అధ్యయనాల్లోని ఒత్తిళ్లన్నీ అక్కడ ఒకచోట పోగుపడి కనిపిస్తాయి. నిద్ర సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలను పరిశీలించి 2008లో సర్క్యులేషన్ పత్రికలో ప్రకటించిన ఫలితాల్లో, నిద్ర నాణ్యత చెడినవారిలో హద్దుకు చేరువైన రక్తపోటు ఎక్కువగా కనిపించింది. బరువును లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా నిలిచింది. రాత్రి పోటు దిగవలసిన వేళను కుదించి, దానికి తోడు మెస్సులో పచ్చడి, అప్పడం, సాయంత్రం ప్యాకెట్ చిప్స్ పెట్టే ఏర్పాటు, ఉప్పును పట్టి ఉంచే మూత్రపిండాలున్న పిల్లవాడికి అన్ని విధాలా కీడే.

రొద విషయంలో చట్టానికి కొరత లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు బడుల చుట్టూ నూరు మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించడానికి వీలిచ్చి, అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్‌ను హద్దుగా పెట్టాయి. ప్రధాన రహదారి పక్కన ఉన్న ఏ బడి తరగతిలోనైనా నిలబడి వింటే ఈ హద్దు ఎంత వరకు అమలవుతున్నదో తెలుస్తుంది. 2008 మార్చిలో హైదరాబాదు విమానాల రాకపోకలు బేగంపేట నుంచి శంషాబాదుకు మారాయి. మ్యూనిక్‌లో జరిగినట్టే ఒకచోట నిశ్శబ్దం, మరోచోట రొద మొదలయ్యాయి. విజయనగరం జిల్లా భోగాపురంలో కొత్త విమానాశ్రయం తలపెట్టారు. ఇటువంటి పనులకు పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు చెట్లను, నీటిని లెక్కించినట్టే చుట్టుపక్కల బడి పిల్లల రక్తపోటును కూడా పనికి ముందూ తర్వాతా కొలవాలన్న షరతు పెట్టడం ప్రభుత్వాలకు పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

మూడేళ్లు నిండిన ప్రతి బిడ్డకూ ఏడాదికి ఒకసారి బీపీ చూడాలని 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందుకు కావలసింది పిల్లల కొలతకు తగిన రెండు మూడు పట్టీలు, ఎత్తుకు సరిచూసుకునే పట్టిక, అయిదు నిమిషాల ఓపిక. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలూ బడి ఆరోగ్య పరీక్షల బృందాలూ వీటిని సమకూర్చుకోవాలి. ఎక్కువ అంకె కనిపించిన బిడ్డను వైద్యుడు ఏం తింటున్నావని అడిగినట్టే ఎన్ని గంటలు నిద్రపోతున్నావు, ఎక్కడ పడుకుంటున్నావు, దేనికి భయపడుతున్నావు అని కూడా అడగాలి. హాస్టళ్ల యాజమాన్యాలు పిల్లలకు రాత్రి ఎనిమిది గంటల నిద్రను టైంటేబుల్‌లో రాసి పాటించాలి. తల్లిదండ్రులు ఫీజు కట్టే ముందు ర్యాంకుల పట్టికతోపాటు ఆ టైంటేబుల్‌ను కూడా అడిగి చూడాలి.